ఒక్కసారి అడిగి ఊరుకునే సేవ

మొన్న వీడియో కాల్లో నువ్వు పసుపుపచ్చ టీషర్టు వేసుకుని కనిపించావు. "అమ్మమ్మా, నేను సేవా విభాగంలో చేరాను, ఇప్పుడు వాలంటీర్ని" అని వెనక్కి తిరిగి వీపు మీద అక్షరాలు కూడా చూపించావు. నీ పక్కన తమ్ముడు, "నా సైజు లేదన్నారు అమ్మమ్మా" అని మూతి ముడుచుకున్నాడు. బాగుంది తల్లీ అన్నాను. అంతకన్నా ఏమనాలి? ఏలూరులో కూర్చుని మస్కట్‌లో ఉన్న పిల్ల ముచ్చట చెడగొట్టడం నాకిష్టం లేకపోయింది.

కానీ ఆ పసుపు రంగుని నేనెరుగుదును. మీ అసోసియేషన్ వాళ్ళ సేవనీ ఎరుగుదును. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో దూరి "ఇప్పుడవన్నీ ఎందుకే అమ్మా" అంటుంది. అందుకని రాస్తున్నాను. వేసవి సెలవుల్లో నేను నేర్పిన అక్షరాలేగా, ఇద్దరూ కూడబలుక్కుని చదువుకోండి.

తమ్ముడు పుట్టిన ఏడు నేను మస్కట్ వచ్చి చాన్నాళ్ళు ఉన్నాను. మీ అమ్మకి ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు, మీ నాన్నకి ఓడరేవు ఆఫీసులో పని. వాడికి నీళ్ళు పోయడం, నిన్ను ఎల్‌కేజీ బస్సు ఎక్కించి దింపుకోవడం నా వంతు. వారానికి ఒక్కరోజే నాకు మనుషుల మొహాలు కనిపించేవి. అక్కడ మన ఆదివారం శుక్రవారం వస్తుంది కదా. పొద్దున్న చర్చికి వెళ్ళేవాళ్ళం, మధ్యాహ్నం అసోసియేషన్ హాలుకి.

చర్చిలో ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు కూర్చునేవాళ్ళు. హాల్లో అలా కాదు. ముందు వరసలో కమిటీ వాళ్ళు. వాళ్ళ వెనక, వచ్చే ఏడు కమిటీలోకి వద్దామనుకునే వాళ్ళు. ఆ వెనక, కమిటీ మీద అలిగి బయటికొచ్చినా భోజనానికి మాత్రం మానని వాళ్ళు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు వంటగది వేపు నిలబడి ఉండేవాళ్ళు. వాళ్ళని నిలబడమని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

అక్కడ జరిగే పనేమిటయ్యా అంటే, ముఖ్యంగా శాలువాలు కప్పుకోవడం. బయట కారు మీద చెయ్యి వేస్తే కాలే ఊళ్ళో, ఏసీ బాగా పెంచుకుని మరీ ఒకళ్ళకొకళ్ళు శాలువాలు కప్పుకునేవాళ్ళు. ఈవారం కప్పినవాళ్ళు పైవారం కప్పించుకునేవాళ్ళు. నేను మిషన్ బడిలో చిన్న తరగతులకి చెప్పినదాన్ని. మూడో తరగతి పిల్లలు "నువ్వు నాకు నంబర్ వన్ అను, నేను నీకు నంబర్ వన్ అంటాను" అని ఆడుకోవడం చూశాను. బట్టతల వచ్చాక కూడా ఆ ఆట ఆడతారని అక్కడే తెలిసింది.

ఇక సేవ. ఒక శుక్రవారం అందరూ పసుపు చొక్కాలు వేసుకుని రోడ్డు పని కూలీలుండే క్యాంపుకి అరటిపళ్ళు తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం మీ అమ్మ ఫోన్లో ఫొటో వచ్చింది. ఒక్క అరటిపండు, దాని మీద ఆరేడు చేతులు, అన్ని చేతుల వెనకా నవ్వే మొహాలు. ఆ పండు అందుకుంటున్న కుర్రాడి మోచెయ్యి పడింది గానీ మొహం పడలేదు. "అబ్బాయి ఎక్కడివాడుట?" అనడిగాను మీ నాన్నని. "ఎవరికి తెలుసండీ అత్తయ్యగారూ" అన్నాడు. పాపం, ఆ ఆరేడు చేతుల్లో మీ నాన్నదీ ఒకటి.

ఆ సేవా విభాగానికి కన్వీనరు గూడెం ఆవిడ. తాడేపల్లిగూడెంలో వాళ్ళకి రైసు మిల్లు ఉంది. ఆ మిల్లు సంగతి ఆవిడ కరచాలనం కన్నా ముందు చెప్పేది. పట్టుచీర, మెళ్ళో ఐడీ కార్డు, మాట తేనె. "మామ్మగారూ, ఎలా ఉన్నారండీ, తిన్నారాండీ, ఇంకాస్త వేయించుకోండీ" అంటూనే కళ్ళతో ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో వెతుక్కునేది. ఆవిడ మాట మెత్తదనం చూసి నాకు మొదట్లో ముచ్చటేసింది. మనవైపు మాట కదా అని.

ఆ గూడెం ఆవిడ ఇంట్లో పనిచేసే మనిషిని నేను హాలు వంటగదిలో చూశాను. చెయ్యి కడుక్కుందామని వెళితే, ఒకామె పులిహోర గుండిగ బోర్లించి తోముతోంది. వంటమనిషితో ఏదో అంటోంటే ఆ యాస నా చెవిని పడింది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"కొల్లేరండి. మండవల్లి అవతల లంకండి."

"మా పుట్టిల్లూ మండవల్లే."

ఆమె చేతిలో పీచు ఆగింది. "ఆయ్, నిజవాండి? మరి తవరు ఇక్కడికొచ్చారేటండి?" అని, తరవాత తనకే నవ్వొచ్చినట్టుంది, "నేనూ ఇక్కడే ఉన్నానుగదండి" అంది.

అప్పటినించీ ప్రతి శుక్రవారం నేను చెయ్యి కడుక్కునే వంకతో వంటగదిలో కూర్చునేదాన్ని. గట్లు వేసి చెరువులు తవ్వాక ఊళ్ళో కొర్రమీను కనబడ్డమే లేదని ఆమె చెప్పేది. మా చిన్నప్పుడు వానాకాలం అరుగు మీద కూర్చుని కాళ్ళు వేలాడేస్తే వేళ్ళకి చేపపిల్లలు తగిలేవని నేను చెప్పేదాన్ని. బయట మైకులో ఎవరో ఎవర్నో పొగుడుతూ ఉండేవాళ్ళు.

ఆమెకి మొగుడు పోయాడు. ఒక్కత్తే కూతురు, ముదినేపల్లి దగ్గర ఇచ్చారు. ఆ పిల్లకి కడుపు, ఎనిమిదో నెల. తొలిచూలు. ఏడో నెలలో తల్లి సారె పట్టుకెళ్ళి పిల్లని పుట్టింటికి తెచ్చుకోవాలి, పురుడు పోయాలి. మీకు ఇది చిత్రంగా ఉంటుందేమో గానీ, తొలికాన్పు పుట్టింట్లో జరగకపోతే మావైపు ఆడపిల్ల జీవితాంతం ఆ మాట పడుతుంది. "నీ అమ్మ పురుడైనా పోసిందా" అని ఆ ఇంటి కోళ్ళు కూడా అంటాయి. ఆ పిల్లకి పుట్టిల్లంటే ఈమే, ఈమేమో మస్కట్‌లో. లంకలో ఇల్లు తాళం వేసి ఉంది.

"మరి వెళ్ళవా?" అన్నాను.

"ఎల్లాలండి."

"అడిగావా ఆవిణ్ణి?"

"అడిగానండి. సూద్దావన్నారండి."

"ఎప్పుడు?"

"పిల్లకి నెల తప్పినప్పుడండి."

"మరి చూశారా?"

"సూత్తానే ఉన్నారండి" అంది, గుండిగలోకి చూస్తూ. ఆ మాట అనేసి భయపడి, "మంచోరేనండి. తిండికి లోటు లేదండి" అని చేర్చింది.

రెండేళ్ళకోసారి ఇంటికి పంపుతామని చెప్పి తెచ్చుకున్నారు. నాలుగో ఏడు నడుస్తోంది. పాస్‌పోర్టు గూడెం ఆవిడ బీరువాలో ఉంది. భద్రంగా ఉంటుందని.

ఇంటికొచ్చి మీ అమ్మతో చెప్పాను. మీ అమ్మ యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఇందులో దూరకు. స్కూల్లో పాపకి సీటు ఇప్పించింది వాళ్ళే. రేపు నాకు ఏ అవసరమొచ్చినా ఆవిడ గుమ్మమే ఎక్కాలి" అంది. పరాయి దేశంలో బతికేవాళ్ళ భయాలు నేను కాదనను. కానీ నేను కని పెంచిన పిల్ల, రాత్రంతా పరాయివాళ్ళ మంచాల మధ్య తిరిగి మందులు పోసే పిల్ల, ఒక రైసు మిల్లుకి అంత భయపడటం చూస్తే నాకు చిన్నతనమనిపించింది.

పైవారమే ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం ఒక సభ పెట్టారు. వాళ్ళ కష్టాలు వింటారట. వేదిక మీద కుర్చీలన్నీ కష్టాలు వినేవాళ్ళవి. కష్టాలున్నవాళ్ళు మామూలుగానే వంటగది వేపు నించున్నారు. బేనరు మీద అధ్యక్షుడి మొహం బస్సు చక్రమంత ఉంది. ముందు ఒక గంట, కష్టాలు వినడం ఎంత గొప్ప సంగతో ఒకరి తరవాత ఒకరు చెప్పుకున్నారు. తరవాత గూడెం ఆవిడ మైకు పట్టుకుని దిగింది. ముందు తన ఇంటి మనిషినే పిలిచింది, ఆదర్శంగా ఉంటుందని.

"రా అమ్మా, భయపడకు. అందరం మన వాళ్ళమే. నీకేమైనా ఇబ్బంది ఉందా? ఇంటికి వెళ్ళాలని ఉందా?"

మూడొందల మంది మొహాలు. కెమెరా లైటు. మైకు పట్టుకున్నది యజమానురాలు. ఆమె కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, "పర్వాలేదండి" అంది.

"చూశారా, మన ఇంట్లో మనిషిలా ఉంటుంది, వెళ్ళమన్నా వెళ్ళదు" అంది గూడెం ఆవిడ. హాలంతా చప్పట్లు.

మీకు ఇక్కడొక సంగతి తెలియాలి, అక్కడే పుట్టి పెరుగుతున్నారు కాబట్టి. మనవైపు ఎవరింటికైనా వెళ్ళి, వాళ్ళు కాఫీ అంటే, "ఇప్పుడే తాగి వచ్చామండి" అంటాం. అది అబద్ధమని అవతలివాళ్ళకి తెలుసు, తెలుసని మనకీ తెలుసు. మళ్ళీ అడుగుతారు. "ఎందుకండీ శ్రమ" అంటాం. ఇంకోసారి అంటే గ్లాసందుకుంటాం. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా మొదటిసారి అడగ్గానే చెయ్యి చాపేవాణ్ణి మా అమ్మ "మొహమాటం లేని మనిషి" అనేది, దొంగ అన్నంత తేలిగ్గా. ఇది మంచో చెడో నాకు తెలియదు, మా ఒంట్లో ఉంది. అందుకని మనవైపు పెట్టేవాళ్ళు ఒకసారి అడిగి ఊరుకోరు. ఒకసారి అడిగి ఊరుకున్నారంటే పెట్టడం ఇష్టం లేదని.

ఆ సంగతి తెలియనివాళ్ళెవరూ ఆ హాల్లో లేరు. భీమవరం, గూడెం, తణుకు, దెందులూరు, అందరూ మనవాళ్ళే. మరో దేశంవాడు ఎవడైనా ఆ "పర్వాలేదండి"ని నిజమనుకుంటే నేను తప్పు పట్టను. వీళ్ళు పెళ్ళిళ్ళలో అరిసె వద్దన్నవాడి వెంట పందిరంతా తిరిగి నోట్లో కుక్కే మనుషులు. వీళ్ళు నమ్మారు. నమ్మితే తమకి తేలిక కాబట్టి నమ్మారు. ఆ రోజు ఆ వరసలో పదిమంది దాకా ఆడవాళ్ళని అడిగారు. పదిమందీ పర్వాలేదన్నారు. సభ విజయవంతమైందని రాత్రికి గ్రూపులో పెట్టారు.

మర్నాడు మీ అమ్మ నిద్రలో ఉండగా పక్కింటి పిల్లకి మిమ్మల్ని అప్పజెప్పి నేను గూడెం ఆవిడ ఇంటికి వెళ్ళాను. విల్లా. గుమ్మంలోనే "అయ్యయ్యో, మామ్మగారూ, ఈ ఎండలో మీరు రావడమేంటండీ, కబురు పెడితే కారు పంపేదాన్ని కదండీ" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. సున్నుండలు తెప్పించింది. వద్దమ్మా, షుగరు అన్నాను. "ఒక్కటేనండి" అంది. వద్దన్నాను. "మా గూడెం నెయ్యండి మామ్మగారూ, మీరు కాదంటే నేనూరుకోను" అంది. చివరికి రెండు తినిపించింది. అడగడం ఆవిడకి చేతకాక కాదని అప్పుడు నాకు బాగా తెలిసింది.

ఆ పళ్ళెం పట్టుకొచ్చింది మా లంక మనిషే. నావైపు చూడకుండా నీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది.

"ఏవండీ, ఈమె కూతురికి తొలిచూలుటండి" అన్నాను.

"అవునండీ, చెప్పింది. ఎంత సంతోషమో. పిల్లలకి స్వీటు కూడా పంచాం."

"పురిటికి తల్లి వెళ్ళొద్దాండీ?"

"అడిగాను కదండీ మామ్మగారూ. మీరూ ఉన్నారుగా, సభలోనే అడిగాను. పర్వాలేదంది. మాకు కూడా బాగా అలవాటైపోయిందండి. తను లేకపోతే మా ఆయనకి చారు కూడా దిగదు."

"మనవైపు ఒకసారి అడిగితే ఎవరవునంటారండీ? ఇప్పుడు మీరు నన్ను ఎన్నిసార్లడిగారు?"

ఆవిడ నవ్వింది. "మీరు భలేవారండీ" అంది. గడియారం చూసుకుంది.

"పంపిస్తారాండీ మరి?"

"అయ్యో, మీ అంతటివారు చెప్పాలాండీ. అలాగేనండి. తప్పకుండానండి. ఎందుకు పంపమండీ."

పెద్దవాళ్ళ మొహం మీద కాదనకూడదు కదా, అందుకని అలాగేనంది. అంటే పంపదని. ఏలూరులో మా టైలరు కూడా "రేపు తప్పకుండానండి" అంటాడు, పండగ వెళ్ళిపోతుంది. ఆ మాటకి మనవైపు విలువ అంతే. లేచి వస్తుంటే వంటింటి గుమ్మంలో ఆ లంక మనిషి నిలబడి ఉంది. ఆ "అలాగేనండి" ఆమె కూడా విన్నది. ఆమె మొహంలో ఆశేమీ లేదు. ఆమెదీ మనవైపే కదా.

దారిలో ఆలోచించాను. గూడెం ఆవిడ, లంక మనిషి మర్యాదకి అన్న మాటని నిజమని పట్టుకుంది. నేను ఆవిడ మర్యాదకి అన్న మాటని నిజమని పట్టుకుంటే ఎవరు కాదంటారు? పెద్దదాన్ని, ఊరికి కొత్త, లోకం తెలియదు.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ ఇంకా నిద్రలోనే ఉంది. ఫోను బల్ల మీద ఉంది. వాయిస్ మెసేజ్ ఎలా పెట్టాలో నాకు నేర్పింది నువ్వే, ఎల్‌కేజీలో ఉండగా, నీ చిట్టి వేలితో బటను నొక్కి పట్టుకోవాలని చూపించావు. నొక్కి పట్టుకున్నాను. అసోసియేషన్ గ్రూపులో ఇలా అన్నాను.

"అందరికీ నమస్కారమండి. నేను నర్సమ్మగారి తల్లినండి, ఏలూరండి. మన సేవా విభాగం కన్వీనరు గారు తమ ఇంట్లో పనిచేసే ఆమెని కూతురి పురిటికి పంపిస్తున్నామని నాతో అన్నారండి. పురుడయ్యేదాకా ఉండి రమ్మన్నారండి. ఇంత పెద్ద మనసు ఉన్నవాళ్ళని నేను చూడలేదండి. ఆవిడ చెప్పుకునే మనిషి కాదు కాబట్టి నేను చెబుతున్నానండి."

ఆవిడ చెప్పుకునే మనిషి కాదు అనేటప్పుడు మాత్రం నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

ముందు దణ్ణాలు వచ్చాయి. తరవాత పూలు, తరవాత ఎర్ర గుండెలు. ఫోను బల్ల మీద చేపలా కొట్టుకుంది. అధ్యక్షుడు "మన సంస్థకే గర్వకారణం" అని రాశాడు. అందరికన్నా పనికొచ్చినవాళ్ళు కమిటీ మీద అలిగిన ఆ వెనక వరసవాళ్ళు. "చాలా సంతోషం మేడమ్, ఏ రోజు ఫ్లైటో చెబితే మేమూ ఎయిర్‌పోర్టుకి వస్తాం" అని ఒకాయన, "కడుపుతో ఉన్న పిల్ల కదా, ఆలస్యం చేయకండి మేడమ్" అని ఇంకొకావిడ. వాళ్ళకి ఆ లంక మనిషి మీద ప్రేమేమీ లేదు. గూడెం ఆవిడ ఏం చేస్తుందో చూడాలని సరదా. వాళ్ళనీ నేను మెచ్చుకోను.

మీ అమ్మ లేచి ఫోను చూసి తల పట్టుకుంది. "ఆవిడ మొహం నేనెలా చూడనే?" అంది.

"రోజూ చూసినట్టే చూడు. నేనేం తిట్టలేదుగా, పొగిడాను."

సాయంత్రం గూడెం ఆవిడ ఫోను చేసింది. "మామ్మగారూ, మీరు కాస్త తొందరపడ్డారేమోనండీ" అంది. ఆ మెత్తటి గొంతులో నెయ్యి పేరుకుపోయింది.

"అదేంటండీ, తప్పకుండా అన్నారు కదండీ."

"అన్నాననుకోండి. అన్నీ చూసుకుని..."

"నేను పల్లెటూరిదాన్నండి. మీలాంటివాళ్ళు మాటంటే అయిపోయినట్టేననుకున్నాను. పోనీ, తప్పయితే చెప్పండి, ఆవిడ అలా అనలేదట, నేనే పొరబాటుగా విన్నానట అని మళ్ళీ గ్రూపులో పెట్టేస్తాను."

"వద్దులెండి" అంది. అది మాత్రం మొహమాటపు వద్దు కాదు.

పది రోజుల్లో టికెట్టు వచ్చింది. ఎయిర్‌పోర్టుకి పసుపు చొక్కాలన్నీ వచ్చాయి, బేనరుతో సహా. మిమ్మల్నిద్దర్నీ తీసుకుని మేమూ వెళ్ళాం. ఆమెకి శాలువా కప్పారు. పెద్ద ఎత్తున ఉపన్యాసం మొదలెట్టారు. ఆమె ఒక చేత్తో శాలువా జారకుండా పట్టుకుని, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని, గాజు తలుపుల వేపే చూస్తోంది. సంచీలో పసిపిల్లకి గౌన్లు, ఒంటి నూనె. అధ్యక్షుడు మాతృత్వం గురించి మాట్లాడుతున్నాడు. లోపల లైను పెరుగుతోంది.

తరవాత గూడెం ఆవిడ రెండు చేతులా పాస్‌పోర్టు పట్టుకుని ముందుకొచ్చింది. బహుమతి ఇచ్చినట్టు, ఫొటో కోసం ఆగి ఆగి, ఆమె పాస్‌పోర్టు ఆమెకే ఇచ్చింది. చప్పట్లు కొట్టారు. ఒకసారి సరిగా రాలేదని ఫొటోగ్రాఫర్ అంటే వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చింది. నా ఇంత వయసులో చాలా దానాలు చూశాను గానీ, ఎవరి వస్తువు వాళ్ళకే రెండుసార్లు దానం చెయ్యడం అక్కడే చూశాను.

"ఇక వదలండమ్మా, విమానం ఉపన్యాసం వినదు" అన్నాను. మీ అమ్మ నా చెయ్యి గిల్లింది. ఆమె మాత్రం ఆ సందులో లోపలికి నడిచేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. నావైపు కూడా చూడలేదు. నాకది నచ్చింది. మొక్కుతూ కూర్చుంటే పురిటికి ఎప్పుడు వెళుతుంది?

అయినా నాకు నిద్ర పట్టేది కాదు. తొలికాన్పు, నెలలు నిండుతున్నాయి, లెక్క ఎవరికి సరిగా తెలుసు. హైదరాబాదులో దిగి రైలెక్కి కైకలూరు చేరాలి, అత్తవారింటికి వెళ్ళి పిల్లని తెచ్చుకోవాలి, తాళం వేసిన ఇల్లు తీసి దులపాలి. ఈలోగా అత్తవారింట్లోనే పురుడైపోతే ఆమె వెళ్ళీ లేనట్టే. అసోసియేషన్ గ్రూపులో ఆమె గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ వారం ఆవకాయ పోటీలు.

వీసా అయిపోయి నేనూ ఏలూరు వచ్చేశాను. బడలిక తీరాక ఒక పొద్దున్న కైకలూరు బస్సెక్కి, మండవల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. గట్టు మీద రోడ్డు, అటూ ఇటూ చేపల చెరువులు, నీళ్ళలో గాలి కొట్టే చక్రాలు గిరగిర తిరుగుతున్నాయి. లంకలో ఇల్లు ఏదని అడిగితే "మస్కట్టామె ఇల్లాండి?" అని చూపించారు.

ఇంటి పక్కన తడికల చాటున పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పసిగుడ్డుని పడుకోబెట్టుకుని నలుగు పెడుతోంది. ఆడపిల్ల. ఎర్రగా, గుప్పిళ్ళు బిగించి, ఊరు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. లోపల మంచం మీద బాలింత చెవులకి గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది.

"అందుకున్నావా?" అన్నాను. అదొక్కటే అడగాలని వచ్చాను.

"అందుకున్నానండి మామ్మగారూ" అంది. "పిల్లని తెచ్చుకున్న మూడోనాడు నొప్పులొచ్చినియ్యండి. నా సేతుల్లోకే ఇచ్చారండి." చెయ్యి ఆపలేదు. పిల్ల పొట్ట మీద నూనె మెరుస్తోంది. "రండి, కూకోండి. నీళ్ళు సల్లారిపోతయ్యి, పోసేసి మాటాడతాను."

లోపల మంచం పక్కన ఆమె ఫోను మోగింది. బాలింత మెడ ఎత్తి చూసి, "అమ్మా, మస్కట్టావిడ. వీడియో కాలు. పొద్దుట కూడా సేశారు, పిల్లనీ నిన్నూ కలిపి ఫొటో కావాలంట, ఆళ్ళ సంఘం పుస్తకంలో ఏత్తారంట" అంది.

"పిల్లని నేను పట్టుకోనా?" అన్నాను.

"మోగనివ్వండి" అంది ఆమె. పిల్లని బోర్లా తిప్పి, చెంబుతో వేడినీళ్ళు నడుం మీద ధారగా పోసింది. పిల్ల ఏడుపు మానేసి, ఒళ్ళు విరుచుకుని, ఆమె పాదాల మీద బుగ్గ ఆనించి పడుకుంది. ఫోను మోగి మోగి ఆగింది. "ఆ సాంబ్రాణి ఇలా అందుకోండి మామ్మగారూ" అంది.